కొండ అడవిలో స్వచ్ఛంద సేవ: కొత్తగా వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తూర్పు కనుమలు విజయనగరం జిల్లాలోకి దిగివచ్చే చోట, శృంగవరపుకోట, గంట్యాడ మండలాల వైపు కొండల్లో, అటవీశాఖ అనుమతితో ఆదివారాలు పనిచేసే కొద్దిమందిమి మేము. మాలో ఉపాధ్యాయులు, రైతులు, డిగ్రీ విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసినవారు ఉన్నారు. వృక్షశాస్త్రం చదివినవారు ఒకరిద్దరే. కొత్తవారు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే కావడంతో జవాబులను ఒకచోట రాసి పెడుతున్నాం. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి అడిగేవారూ ఉన్నారు కనుక, అక్కడి పరిస్థితి వేరుగా ఉన్నచోట ఆ సంగతి కూడా చెప్పాం.

వానాకాలంలో వచ్చి మొక్కలు నాటి వెళ్తే సరిపోదా?

సరిపోదు. మా పనుల్లో మొక్కలు నాటడం అన్నిటికంటే చివరిది. ఈ మాట వినగానే చాలామంది నిరుత్సాహపడతారు, ఎందుకంటే అడవిని కాపాడడం అనగానే చేతిలో మొక్క, పక్కన గుంత, ఎదురుగా కెమెరా ఉన్న దృశ్యమే అందరికీ గుర్తుకు వస్తుంది. మేమూ అలాగే మొదలుపెట్టాం. మొదటి ఏడాది తొలకరిలో బ్యానరు కట్టి, గుంతలు తీసి, ట్రాక్టరు మీద తెచ్చిన మొక్కలను వరసగా నాటాం. తరువాతి వేసవిలో కొండకు నిప్పు వచ్చింది. ఆ మొక్కల్లో మిగిలినవి చాలా తక్కువ.

అయితే అదే కొండ మీద, ఆ మరుసటి వానలకు, మేము నాటని చెట్లు లేచాయి. ఎప్పుడో నరికిన నల్లమద్ది, చిరుమాను, కొండతంగేడు మోళ్ళ నుంచి చిగుళ్ళు వచ్చాయి. తునికి అయితే నేలలో ఉన్న వేళ్ళ నుంచే పిలకలు వేసింది. మా వైపు ఆకురాల్చే అడవుల్లో చాలా జాతులకు ఈ శక్తి ఉంది. పైన మాను పోయినా కింద వేరు బతికే ఉంటుంది, ఆ వేరు నేలలోకి దిగి ఏళ్ళు గడిచి ఉంటుంది కాబట్టి దాని నుంచి లేచిన చిగురు, నర్సరీ సంచిలో పెరిగిన మొక్క ఎన్నటికీ అందుకోలేనంత వేగంగా ఎదుగుతుంది. దానికి కావలసింది గుంత, ఎరువు కాదు. రెండు మూడేళ్ళ పాటు నిప్పు తగలకుండా, గొడ్డలి పడకుండా, మేకలు కొరకకుండా, పైన లంటానా అనే కలుపు తుప్ప కప్పేయకుండా ఉంటే చాలు. అందువల్ల మా శ్రమలో ఎక్కువ భాగం ఆ నాలుగింటికే పోతుంది. ఒక మోడు నుంచి పది పిలకలు వస్తే బలమైన ఒకటి రెండింటిని ఉంచి తక్కినవి కోసేస్తాం. చూసేవారికి అది చెట్టును నరకడంలా కనిపిస్తుంది, కొత్తవారు మమ్మల్ని మొదట నిలదీసేది కూడా అక్కడే.

వేరు కూడా మిగలని చోట, అంటే గ్రావెల్ తవ్వి వదిలేసిన నేలలోనో, ఏళ్ళ తరబడి దున్ని విడిచిపెట్టిన చెక్కలోనో మాత్రమే మొక్కలు నాటుతాం.

ఏ కాలంలో ఏ పని ఉంటుంది?

మాఘమాసం దాటి ఆకు రాలడం మొదలైన దగ్గర నుంచి తొలకరి దాకా నిప్పు కాపలా. రోహిణి కార్తె ఎండల్లో కొండ మీద వేరే పని పెట్టుకోము, పొద్దున్నే విత్తనాలు ఏరుకొని ఎనిమిదిన్నరకల్లా దిగిపోతాం. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, నేల లోపలిదాకా తడిసిన తరువాత, అవసరమైన చోట నాటడం, విత్తనం వేయడం ఉంటాయి. ఒక్క జల్లు పడగానే నాటేయమని తొందరపెట్టేవారు ఉంటారు. ఆ జల్లును నమ్మితే పది రోజుల ఎండకు మొక్క పోతుంది. శ్రావణం నుంచి కార్తికం వరకు కలుపు జాతుల తొలగింపు, పిలకల కోత నడుస్తాయి. వనభోజనాల కాలంలో, శివరాత్రికి శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి వంటి చోట్ల జాతర ముగిశాక చెత్త ఏరడం ఉంటుంది. ఎండుటాకుల మధ్య పడి ఉన్న ప్లాస్టిక్, అగరుబత్తి పెట్టెలు, సగం కాలిన కట్టెలు చూడడానికి చిన్న విషయంలా ఉన్నా, శివరాత్రి సరిగ్గా నిప్పుల కాలం ముంగిట్లోనే వస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

మా ఊరి కొండ మీద మేమే సొంతంగా పని మొదలుపెట్టవచ్చా?

ముందుగా ఆ కొండ ఎవరిదో తెలుసుకోవాలి. మన జిల్లాల్లో ఊరి పక్కన కనిపించే కొండల్లో కొన్ని అటవీశాఖ అధీనంలోని రిజర్వు అడవులు, కొన్ని రెవెన్యూశాఖ అధీనంలోని రెవెన్యూ కొండలు, కొన్ని దేవస్థానాల భూములు. ఒకే కొండకు ఒక వాలు రిజర్వు అడవిగా, రెండో వాలు రెవెన్యూ భూమిగా ఉండడమూ కద్దు. గ్రామ పటం, అడంగల్ (భూమి వివరాల రికార్డు) చూస్తే కొంత తెలుస్తుంది. కొండ మొదట్లో వరుసగా పేర్చిన సరిహద్దు రాళ్ళ గుట్టలు ఉంటే అవి సాధారణంగా అటవీశాఖ హద్దులు. సందేహం ఉంటే ఆ బీట్ (అడవిలో ఒక చిన్న భాగం) చూసే అటవీశాఖ అధికారినీ, గ్రామ రెవెన్యూ అధికారినీ ఇద్దరినీ అడగండి, ఒక్కరి మాటతో సరిపెట్టుకోవద్దు.

రిజర్వు అడవిలో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 వర్తిస్తుంది. అందులోని 20వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం, నిప్పు పెట్టడం, కొమ్మ నరకడం, రాయి తవ్వడం, పశువులను మేపడం అన్నీ నేరాలే. మంచి ఉద్దేశంతో లంటానా పీకడానికి వెళ్ళినా చేతిలో కత్తి ఉంటే ఆ చట్టం మీకూ వర్తిస్తుంది. కాబట్టి పలు బీట్లను పర్యవేక్షించే రేంజ్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఏ బీట్‌లో, ఏ రోజుల్లో, ఎంతమంది, ఏ పని చేస్తారో స్పష్టంగా రాసి, అనుమతి పత్రం నకలు పని చేసేటప్పుడు వెంట ఉంచుకోవాలి. రెవెన్యూ కొండ అయితే తహశీల్దారు కార్యాలయానికి, పంచాయతీకి తెలియజేయాలి. రెవెన్యూ రికార్డులో ఉన్నంత మాత్రాన అది అడవి కాకుండా పోదు. అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వులో, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కోసం అడవి అనే మాటను నిఘంటువు అర్థంలోనే తీసుకోవాలని, భూమి ఎవరి పేరున ఉన్నదన్నది ముఖ్యం కాదని చెప్పింది. ఆ చట్టాన్ని 2023లో సవరించారు కనుక, ఒక నిర్దిష్టమైన కొండకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదిని అడిగి తెలుసుకోవలసిన విషయం.

మీ ఊళ్ళో వన సంరక్షణ సమితి (అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే ఊరివారి సంఘం) ఒకప్పుడు ఉండేదేమో కూడా కనుక్కోండి. 1988 జాతీయ అటవీ విధానం తరువాత, 1990లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలను అనుసరించి, మన రాష్ట్రంలో 1992 నుంచి ఈ సమితులు ఏర్పడ్డాయి. చాలా చోట్ల ఇప్పుడు కాగితం మీదే మిగిలాయి గానీ, అప్పట్లో పనిచేసిన పెద్దలకు ఏ వాలులో ఏ చెట్టు ఉండేదో, ఏ గెడ్డ (కొండవాగు) ఏ నెల దాకా పారేదో బాగా గుర్తుంటుంది. మేము నేర్చుకున్నదానిలో సగం అటువంటివారి దగ్గర నేర్చుకున్నదే.

దేశీయ మొక్క అంటే ఏమిటి? జీడిమామిడి, చింత దేశీయం కావా?

ఈ ప్రశ్నకు మా బృందంలోనే ఒక్క జవాబు లేదు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. మనుషులు తెచ్చి నాటకుండా, ఈ నేలలో, ఈ వానలకు, ఇక్కడి పురుగులు, పిట్టలు, జంతువులతో కలిసి తనంతట తానుగా పెరుగుతూ వచ్చినది దేశీయ మొక్క. మద్ది, ఇప్ప, వేగిస, తాని, కరక, ఉసిరి, నేరేడు, మోదుగ, రేల, బూరుగ, కొండగోగు, తపసి, అడ్డాకు తీగ, వెదురు మన కొండలకు చెందినవి. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఒడిశా సరిహద్దు కొండల్లో గుగ్గిలం చెట్లు కూడా కనిపిస్తాయి. మధ్య భారతం నుంచి దిగివచ్చిన ఆ జాతికి దక్షిణాన అది దాదాపు చివరి నెలవు.

జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చినది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేల కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, పలాస పేరు చెబితే జీడిపప్పే గుర్తుకు వస్తుంది, కానీ అది తోట పంట. తెలుగులో జీడి అనే మాట అంతకు ముందు నుంచీ ఉన్నది, ఆ పేరు గల చెట్టు మన అడవిదే. చాకలివారు బట్టలకు గుర్తు వేయడానికి వాడిన నల్లజీడి అది. కొత్తగా వచ్చిన పండు చెట్టుకు పాత చెట్టు పేరు, మామిడి పేరు కలిపి పెట్టుకున్నాం. ఇప్పుడు పాత జీడిని చూసి గుర్తుపట్టేవారు తగ్గిపోయారు. దాని రసం తగిలితే చర్మం పొక్కుతుంది కనుక మీరు మొదటి రోజునే గుర్తుపట్టడం మంచిది.

చింత పుట్టినిల్లు ఆఫ్రికా. అయినా ఎన్నో శతాబ్దాలుగా మన ఊళ్ళలో, అడవి అంచుల్లో ఉన్నది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను కూడా చింతమానే. దాన్ని పరాయిదని పీకేయమని చెప్పేంత మూర్ఖత్వం మాకు లేదు. ఒక మొక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అది ఇక్కడి మొక్కలను తొక్కేస్తూ పాకుతున్నదా అన్నదే మాకు పట్టే ప్రశ్న. చింత అలా చేయదు, లంటానా చేస్తుంది. అయితే కొత్తగా నాటేటప్పుడు మాత్రం అడవిలో చింత, జీడిమామిడి, నీలగిరి, సరుగుడు, సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ నాటము. వాటికి పొలం గట్లు, తోటలు ఉన్నాయి.

లంటానాను ఎలా తీయాలి? నరికితే పోతుందా?

నరికితే మరింత గుబురుగా వస్తుంది. ఉష్ణమండల అమెరికా నుంచి పూల అందం కోసం తెచ్చి, 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా వృక్షోద్యానంలో పెంచిన ఈ మొక్క ఇప్పుడు దేశంలోని అడవుల్లో విస్తారంగా పాకిపోయింది. మన కొండల్లో దాని తుప్పలు పెరిగిన చోట కింద గడ్డి కూడా మొలవదు. పశువులు తినవు. వేసవిలో ఎండిన కొమ్మలు నిప్పును నేల మీద నుంచి చెట్ల కొమ్మలదాకా ఎక్కిస్తాయి.

మేము అనుసరించే పద్ధతి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం రూపొందించినది. తుప్ప మొదట్లో మట్టిని కాస్త తొలగించి, నేల మట్టానికి మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల కింద, కాండం వేరుతో కలిసే చోటుకు దిగువగా, తల్లి వేరును గునపంతోనో చిన్న గొడ్డలితోనో కోస్తారు. తిరిగి చిగుర్చే మొగ్గలన్నీ ఆ కలయిక చోటే ఉంటాయి కాబట్టి దాని కింద కోస్తే వేరు మళ్ళీ లేవదు. కోసిన తుప్పను తలకిందులుగా, వేరు పైకి వచ్చేలా, అక్కడే నిలబెడితే ఎండిపోతుంది. నేలకు తగిలేలా పడేస్తే కణుపుల దగ్గర మళ్ళీ వేళ్ళు వేస్తుంది. మొత్తం పెళ్ళగించడం కంటే ఇది తేలిక, పైగా నేల కదలదు కనుక వాలులో మట్టి వానకు కొట్టుకుపోదు.

పని అక్కడితో అయిపోదు. లంటానా పండ్లను పిగిలిపిట్టలు తిని, కూర్చున్న చెట్టు కిందే విత్తనాలు వేస్తాయి. కాబట్టి మరుసటి ఏడాది, ఆ పై ఏడాది అవే చెట్ల కిందికి తిరిగి వెళ్ళి, చేత్తో పీకదగిన మొలకలను తీసేయాలి. ఒక ఎకరం బాగుచేసి రెండేళ్ళు వెనక్కి చూడకపోతే మొదటికి వస్తుంది. అందుకే మేము ఏటా కొత్త చోటు మొదలుపెట్టము. కాయలు పండక ముందు పని ముగించడం, తీసిన చోట వెంటనే దేశీయ గడ్డి విత్తనం చల్లడం కూడా అంతే ముఖ్యం, లేకపోతే ఖాళీ అయిన నేలను క్రోమోలీనానో వయ్యారిభామో, ఏదో ఒక కలుపు మొక్క ఆక్రమిస్తుంది. ఇవి రెండూ పూతకు రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు చేత్తో లాగితే వచ్చేస్తాయి. సర్కారు తుమ్మ మాత్రం మనుషుల చేతికి లొంగేది కాదు, దాని సంగతి శాఖవారితో మాట్లాడి నిర్ణయిస్తాం.

కలుపు మందు కొట్టము, తగలబెట్టము. ఎవరు ఎంత బతిమాలినా ఈ రెండింటిలో మినహాయింపు లేదు.

కొండకు నిప్పు కనిపిస్తే ఏం చేయాలి?

మొదట బీట్ అధికారికి ఫోన్ చేయాలి, ఆ తరువాత మా బృందానికి. ఒంటరిగా నిప్పు దగ్గరకు వెళ్ళవద్దు. మన వైపు అడవిలో నిప్పు తనంతట తాను పుట్టడం చాలా అరుదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టడం, కొత్త గడ్డి వస్తుందని కాపరులు అంటించడం, పోడు చెక్కలో పెట్టిన మంట దాటిపోవడం, ఆర్పకుండా పారేసిన చుట్ట ముక్క, వనభోజనాల పొయ్యి, ఇవే కారణాలు. నేల మీద పాకే ఈ నిప్పు పెద్ద చెట్టును చంపకపోవచ్చు. కానీ మోడు నుంచి లేచిన చిగురును, ఆ ఏటి మొలకలను, నేల పైపొరలో ఉన్న విత్తనాలను మిగల్చదు. ఏటా కాలే కొండలో పెద్ద చెట్లు ఉంటాయి, వాటి పిల్లలు ఉండవు. చూసేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది.

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా నిప్పును గుర్తించి సెల్‌ఫోన్‌కు సందేశాలు పంపుతుంది. ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది కనుక సందేశం ఆలస్యంగా రావచ్చు, చిన్న నిప్పు దానికి కనిపించకపోవచ్చు. కొండ కింద పశువులు కాసే కుర్రవాడి ఫోన్ మాకు దానికంటే ముందు వస్తుంది.

వేసవికి ముందు శాఖ సిబ్బందితో కలిసి నిప్పు గీతలు తీస్తాం, అంటే మంట దాటకుండా నేల మీది ఆకును, గడ్డిని వెడల్పుగా ఊడ్చి మట్టి కనిపించేలా ఉంచుతాం. ఈ పనికి శారీరక బలం కంటే ఓపిక కావాలి, వయసు పైబడినవారు కూడా చేయగలరు. మంటను ఆర్పే పనికి మాత్రం శిక్షణ పొందినవారినే, సిబ్బంది వెంట ఉంటేనే పంపుతాం. అటువంటివారు నూలు బట్టలే వేసుకోవాలి, ఎందుకంటే నైలాన్, పాలిస్టర్ వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నిప్పు వాలు ఎగువకు మనిషి పరుగు కంటే వేగంగా ఎక్కుతుంది కాబట్టి మంటకు పైన ఎప్పుడూ నిలబడకూడదు. పచ్చి కొమ్మలతో అంచు నుంచి కొడుతూ రావాలి, ఎదురుగా కాదు. ఎదురు నిప్పు (మంటకు ముందున్న ఆకును మనమే తగలబెట్టి దాన్ని ఆపడం) పెట్టే నిర్ణయం సిబ్బందిది మాత్రమే.

విత్తన బంతులు తయారుచేసి విసురుతాం, అనుమతిస్తారా?

పాఠశాలల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. పిల్లలకు మట్టితో ఆడుకునే ఆనందం ఉంటుంది, కాదనము. కానీ దట్టమైన అడవిలోకి విసిరిన బంతుల్లో చాలావరకు చీమలకు, ఎలుకలకు, నీడకు పోతాయి. పైగా ఏ విత్తనం దొరికితే అది పెట్టి చుట్టేస్తున్నారు. సుబాబుల్ గింజలు పెట్టిన బంతులు ఒకసారి మా దగ్గరకు వచ్చాయి. వాటిని తిప్పి పంపడానికి మేము పడిన మొహమాటం అంతా ఇంతా కాదు.

బంతి కంటే విత్తనం గురించి తెలుసుకోవడం మేలు. నేరేడు, ఇప్ప, గుగ్గిలం విత్తనాలు ఆరబెట్టి దాచుకునేవి కావు. గుగ్గిలం వారం రోజులకే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది, నేరేడు రెండు వారాలు ఆగదు. అవి తొలకరి ముందు రాలేది కూడా అందుకే, రాలిన వెంటనే తడి నేల దొరకాలి. వీటిని ఏరిన రెండు మూడు రోజుల్లో విత్తాలి. రేల గింజకు పైపెంకు గట్టిది, వేడినీళ్ళలో వేసి ఒక రాత్రి నాననిస్తే గాని నీరు లోపలికి వెళ్ళదు. ఉసిరికాయ టెంకను ఎండలో పెడితే తనంతట తానే పగిలి గింజలు బయటపడతాయి. తాని, కరక టెంకలను నానబెట్టి, కొందరు పైపెంకును కాస్త చితకగొట్టి విత్తుతారు. ఒక చెట్టు కిందే అన్నీ ఏరకుండా, దూరదూరంగా ఉన్న పది చెట్ల నుంచి కొద్ది కొద్దిగా తీసుకోవాలి. ప్రతి చెట్టు కిందా ఎక్కువ భాగం అక్కడే వదిలేయాలి, అవి పిట్టల, ఎలుగుబంట్ల, మనుషుల ఆహారం కూడా.

తుపాను తరువాత పడిపోయిన చెట్లను తొలగించే పని ఉంటుందా?

దారి మీద పడినవాటిని తప్ప తొలగించము. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన జిల్లాలకు మరచిపోలేని అనుభవాలు. అడవిలో పడిన చెట్టు అంటే నష్టపోయిన సరుకు కాదు. సగం వేళ్ళు నేలలో ఉంటే పడుకున్న మాను నుంచే నిలువుగా కొమ్మలు లేస్తాయి, చచ్చినా అది కుళ్ళి నేలలో కలుస్తుంది, దాని చాటున పశువులకు అందకుండా మొలకలు పెరుగుతాయి. తోటలో అలా వదిలేయలేరు, అడవిలో వదిలేయాలి. మేము అప్రమత్తంగా ఉండేది రెండు విషయాల్లో. పై కప్పు తెరుచుకుని ఎండ నేలకు దిగిన చోట లంటానా ఆ శీతకాలంలోనే పాకుతుంది, విరిగిపడిన కొమ్మలన్నీ తరువాతి వేసవికి ఎండి నిప్పుకు మేత అవుతాయి. అందువల్ల తుపాను వచ్చిన ఏడాది కలుపు తీత, నిప్పు కాపలా రెండింటికీ రెట్టింపు మంది కావాలి.

కట్టెలు కొట్టేవారిని, పోడు చేసేవారిని అడ్డుకోవాలా?

వద్దు. ఇది మా నియమాల్లో అన్నిటికంటే కచ్చితమైనది. కొండ మీద నివసించే సవర, జాతాపు, గదబ, కొండదొర కుటుంబాలకు ఆ అడవి వారాంతపు సేవాస్థలం కాదు. చింతపండు, ఉసిరి, కరక్కాయ, అడ్డాకులు, తేనె, కొండచీపుర్లు ఏరుకొని సంతలో అమ్ముకోవడం, లేదా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు అమ్మడం వారి జీవనం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై వారికి యాజమాన్య హక్కునూ, సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కునూ గుర్తించింది. పట్టణం నుంచి ఆదివారం వెళ్ళినవారు అటువంటి మనిషిని ఆపి ప్రశ్నించడం తగదు, మర్యాద కూడా కాదు.

షెడ్యూల్డ్ ప్రాంతపు (గిరిజనులకు రాజ్యాంగపరమైన ప్రత్యేక రక్షణ ఉన్న) గ్రామాల్లో పనిచేయాలనుకునేవారు శాఖ అనుమతితో పాటు గ్రామసభ సమ్మతి కూడా తీసుకోవాలని మా అభిప్రాయం. అది లేకుండా మొదలుపెట్టిన పని నిలవడం మేము చూడలేదు. తలమోపు కట్టెలు తెచ్చుకునే అమ్మలతో మేము చేసుకున్న ఒప్పందం చిన్నది: ఎండు కొమ్మ తీసుకోండి, చిగురు వేస్తున్న మోడును వదిలేయండి. ఏ మోళ్ళను వదలాలో ఇప్పుడు వారే మాకు చూపిస్తున్నారు.

లారీలతో కలప, గ్రావెల్ తీసుకుపోతుంటే?

అది వేరే విషయం, దానికీ మీరు అడ్డు నిలబడవద్దు. దూరం నుంచి, మీ భద్రతకు ముప్పు లేకుండా, స్థలం, సమయం, వాహనం నంబరు రాసుకొని రేంజ్ అధికారికి, గనులశాఖకు, రెవెన్యూ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, రశీదు తీసుకోవాలి. తవ్వకానికి అనుమతి ఉన్నదా, ఎన్ని హెక్టార్లకు, ఎప్పటి దాకా అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. స్పందన లేకపోతే 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, మన రాష్ట్రం చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తుంది. ఫిర్యాదు ఒక్కరి పేరు మీద కాకుండా పదిమంది సంతకాలతో ఇవ్వండి.

పాములు, ఎలుగుబంట్లు, ఏనుగుల సంగతి ఏమిటి?

పాములు ఉంటాయి. చీలమండ దాటే బూట్లు, చేతికర్ర, చేయి పెట్టే ముందు చూసే అలవాటు ఉంటే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం, నాటు మందు పూయడం ఏదీ చేయకుండా, కాటు పడిన కాలినో చేతినో కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పని మొదలుపెట్టే ముందే ఆ ఆసుపత్రి ఏదో కనుక్కొని పెట్టుకుంటాం.

ఎలుగుబంటి శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి కూడా వస్తుంది. అక్కడ మనుషుల మీద దాడులు జరిగాయి. తెల్లవారుజామున, మసక చీకటిలో తిరగకపోవడం, గుంపుగా మాట్లాడుకుంటూ నడవడం, ఇప్పపువ్వు, నేరేడు రాలే కాలంలో ఆ చెట్ల కింద ఒంటరిగా ఉండకపోవడం మా నియమాలు. పార్వతీపురం, సీతంపేట వైపు ఒడిశా నుంచి వచ్చిన ఏనుగుల సంచారం ఉన్నది, అక్కడ ప్రాణనష్టం కూడా జరిగింది. ఏనుగులు ఉన్నాయని సమాచారం వస్తే ఆ వారం ఆ దిక్కున పని ఉండదు.

నక్షత్ర తాబేలు కనిపిస్తే శ్రీకూర్మం తీసుకువెళ్ళి వదలాలని కొందరికి భక్తితో కూడిన ఆలోచన వస్తుంది. ఆలయంలో వాటిని సంరక్షిస్తున్న మాట నిజమే అయినా, అడవిలో ఉన్నదాన్ని పట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాని దారిన దాన్ని పోనివ్వండి.

చివరగా, ఎవరూ హెచ్చరించని శత్రువు దూలగొండి. ఎండిన కాయల మీది నూగు గాలికి వచ్చి తగిలినా గంటల కొద్దీ దురద. ఆ తీగ ఉన్న చోటికి కొత్తవారిని సరదాకు పంపే పాతవారు మా బృందంలో ఉన్నారని ముందే చెబుతున్నాం.

మందు మొక్కలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోకూడదు. నేలవేము, తిప్పతీగ అయినా సరే, సర్పగంధ అయితే మరీను. వేరు కోసం తవ్వే మొక్క మందుగా పనికివస్తుందన్న కీర్తి వల్లనే మాయమైపోతుంది. పెరట్లో పెంచుకోవాలనుకునేవారికి నర్సరీ నుంచి తెప్పించి ఇస్తాం.

మొక్కల పేర్లు తెలియనివారు పనికివస్తారా?

వస్తారు. మొదటి ఏడాది పది మొక్కలు గుర్తుపడితే చాలు. ఆకు, బెరడు, పువ్వు, కాయ నాలుగింటికీ ఫొటో తీసి, ఊరి పెద్దలు చెప్పిన పేరు రాయండి. శాస్త్రీయ నామం తరువాత చూసుకోవచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీ రిజిస్టరు తెరిచి చూడండి. పక్క ఊరిది చూసి రాసినట్టు ఉంటే ఆశ్చర్యపోవద్దు. దాన్ని ఊళ్ళోవారితో కూర్చుని సరిచేయడం కొండ ఎక్కలేనివారు కూడా చేయగల మంచి పని.

పిల్లలను తీసుకురావచ్చా? సర్టిఫికెట్ ఇస్తారా? చందా ఎంత?

పన్నెండేళ్ళు దాటిన పిల్లలు తల్లిదండ్రులతో కలిసి విత్తనాల సేకరణకు, నర్సరీకి రావచ్చు, పనిముట్లు పట్టే పనికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. సర్టిఫికెట్ ఆరు నెలలు వరసగా వచ్చినవారికే ఇస్తాం. చందా లేదు, ప్రయాణ ఖర్చులు ఎవరివి వారివే.

ఈ కొండ అడవి వల్ల మైదానంలో ఉన్న మాకు ఏం ఒరుగుతుంది?

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. ఆ నీరు విశాఖ నగరం దాకా తాగడానికి వెళ్తుంది. కొండ మీద ఆకు చెత్త, వేళ్ళు ఉన్న నేల వాన నీటిని ఇంకించుకొని గెడ్డలోకి నెమ్మదిగా వదులుతుంది. బోడి నేల ఒక్క పూటలో మట్టితో సహా వదిలేస్తుంది, ఆ మట్టి జలాశయం అడుగున చేరుతుంది. మా కొండ కింద పొలాలున్న రైతులు మా దగ్గరకు మొక్కల మీద ప్రేమతో రాలేదు. గెడ్డ ముందు కన్నా త్వరగా ఎండిపోతున్నదని వచ్చారు. అందరికంటే క్రమం తప్పకుండా వచ్చేది వారే.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

పూర్తి చేతుల నూలు చొక్కా, పాత ప్యాంటు, బూట్లు, టోపీ లేదా తువ్వాలు, రెండు లీటర్ల నీళ్ళు, చద్దన్నమో అటుకులో ఏదైనా తినేది ప్లాస్టిక్ కవరులో కాకుండా డబ్బాలో, ఒక చిన్న పుస్తకం, పెన్సిలు. అగ్గిపెట్టె, సిగరెట్లు, స్పీకర్లు ఇంట్లోనే వదిలి రావాలి. గునపం, బొరిగ, చేతి తొడుగులు మా దగ్గర ఉన్నాయి. పొద్దున్న ఆరుకల్లా కొండ మొదట్లో ఉండాలి. ఆరున్నరకు లెక్క పెట్టుకొని పైకి ఎక్కుతాం, దిగేటప్పుడు మళ్ళీ అదే లెక్క పెడతాం కాబట్టి ఆ తరువాత వచ్చినవారు ఒంటరిగా వెనక ఎక్కిరాకుండా కిందే నర్సరీలో పని అడిగి చేసుకోవాలి.